నడిమి చెరువు కింద ఇల్లు

పోయిన సంక్రాంతి వెళ్ళిన వారానికి మా ఓనరు గారు వచ్చి, "ఇల్లు డెవలప్‌మెంటుకి ఇస్తున్నామమ్మా, దసరా లోపు మీరు వేరే చూసుకోవాలి" అని చెప్పారు. నల్లకుంటలో ఇరవై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో అద్దెకున్నాం. పెళ్ళయి నేను కాపురానికి వచ్చిందీ, పాప పుట్టిందీ, మామయ్య పోయిందీ అన్నీ ఆ ఇంట్లోనే. బాధగానే అనిపించింది. కానీ మా ఆయన మాత్రం ఆ రాత్రే, "పోనీలే, ఈ రొద వదిలిపోదాం. ఎక్కడైనా శివార్లో ప్రశాంతంగా ఉండే చోట సొంతిల్లు కొనుక్కుందాం" అన్నారు.

రొద సంగతి నిజమే. మా వీధిలో తెల్లవారుజామున నాలుగింటికి మొదలైన బళ్ళ చప్పుడు రాత్రి పన్నెండు దాటాక గానీ ఆగదు. అత్తమ్మకి ఆయాసం, దాని మీద నిద్ర పట్టదు. అందుకే ఫిబ్రవరి నుంచి ప్రతి ఆదివారం ఇళ్ళు చూడటమే మా పని అయింది.

మార్చిలో సఫిల్‌గూడ వైపు ఒక ఇల్లు చూశాం. నూట ఇరవై గజాల్లో కింద రెండు గదులు, పైన ఒక గది, ముందు జామ చెట్టు. వీధిలో మనిషి అలికిడి లేదు. బ్రోకరు, "చూడండి మేడం, పిట్ట కూస్తే వినిపిస్తది" అన్నాడు. నిజంగానే వినిపించింది. మా ఆయన మొహం చూస్తే అప్పుడే సామాను సర్దేసినట్టుంది. ధర కూడా చుట్టుపక్కల కంటే కొంచెం తక్కువే. నాకూ మనసు పడింది, దాచుకోను.

అత్తమ్మ మోకాళ్ళ నొప్పుల వల్ల కారు దిగలేదు. అద్దం దించుకుని కాసేపు అటూ ఇటూ చూసింది. దూరంగా చెరువు కట్ట, కట్ట మీద మైసమ్మ గుడి కనిపిస్తున్నాయి. "ఇల్లు మంచిగనే ఉన్నది గని, చెర్వుకు మీదున్నదా, కిందున్నదా బిడ్డా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బ్రోకరు నవ్వి, "ఇప్పుడు చెరువేంది పెద్దమ్మా, అది పార్కు అయింది" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అత్తమ్మది జనగామ దగ్గర పల్లె. చదువుకోలేదు. నేను తెలుగు బీఏ చేశాను, పదాలంటే ఇష్టం, అయినా ఆ చెరువు పేరేమిటో అడగాలని నాకు తోచలేదు. ఇంటికొచ్చాక వెతికితే తెలిసింది. అందరూ సఫిల్‌గూడ చెరువు అనే దాని అసలు పేరు నడిమి చెరువు. నడిమిది అన్నారంటే పైనొకటీ కిందొకటీ ఉన్నట్టే కదా. పేరు పెట్టినవాళ్ళు అంత స్పష్టంగా చెప్పిపోయారు, చదువుకున్న మనమే వినిపించుకోలేదు.

మన తెలంగాణలో చెరువులు ఒంటరిగా ఉండవు, గొలుసుగా ఉంటాయి. పై చెరువు నిండితే మత్తడి దూకి ఆ నీళ్ళు కాలువ వెంట కింది చెరువుకి పోతాయి, అది నిండితే దాని కింద దానికి. కాకతీయుల కాలం నుంచీ ఇదే పద్ధతి. కట్టకి పైన నీళ్ళు నిలిచే నేలని శిఖం అంటారు. వేసవిలో అది ఎండి మైదానంలా కనిపిస్తుంది. కట్టకి కింద తూము నీళ్ళతో పండే పొలం. కట్ట తెగకుండా కాపాడమని కట్ట మీద మైసమ్మని నిలబెట్టుకుంటారు. అంటే ఆ గుడి ఎక్కడుందో చూస్తే చాలు, అక్కడ ఒకప్పుడు ఏం పండిందో, వరదొస్తే ఎవరికి భయమో తెలిసిపోతుంది.

ఇక అక్కడి నుంచి నాకు ఒక పిచ్చి పట్టింది. ఒక చోటు ప్రశాంతంగా ఉందంటే ఎందుకుందో తెలుసుకోవాలి అని. మా పాప, "అమ్మా, ఇల్లు కొంటున్నామా, పీహెచ్‌డీ చేస్తున్నామా?" అని వెక్కిరించింది. వెక్కిరిస్తే వెక్కిరించింది, చదివినకొద్దీ నాకు ఆశ్చర్యంగా ఉంది. హైదరాబాద్ చరిత్ర అంటే ఊరు విడిచి ఊరి శివారుకి పోవటమే!

అసలు ఈ నగరమే ఒక శివారు. గోల్కొండ కోటలో జనం ఎక్కువై, నీళ్ళు చాలక ఇబ్బంది పడుతుంటే, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి ఇవతల కొత్త ఊరు కట్టించాడని చెప్తారు. మూసీ మీద పురానాపూల్ అంతకు ముందే, 1578లో తయారైంది. ముందు వంతెన, తర్వాత ఊరు. ఇప్పుడు ఓఆర్ఆర్ వేశాక దాని పక్కన వెంచర్లు వచ్చినట్టే అనుకోండి.

సికింద్రాబాద్ కథ ఇంకో రకం. 1798లో నిజాం ఇంగ్లీషు వాళ్ళతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక వాళ్ళ పటాలం హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన గుడారాలు వేసింది. 1806లో సికందర్ జా పేరు మీద ఆ చోటుకి సికింద్రాబాద్ అని పేరొచ్చింది. ఊరికి ఎడంగా, మధ్యలో అంత పెద్ద చెరువు అడ్డంగా ఉండటం వాళ్ళకీ కావాలి, బహుశా నిజాముకీ కావాలి. తర్వాత అది ఉత్తరానికి తిరుమలగిరి, బొల్లారం దాకా పాకింది. బొల్లారంలో ఇంగ్లీషు రెసిడెంటు వేసవి విడిది కోసం 1860 ప్రాంతంలో కట్టిన బంగళాయే ఇప్పటి రాష్ట్రపతి నిలయం. తొంభై ఎకరాల తోట. ఆ చుట్టుపక్కల ఈ రోజుకీ చెట్లూ చల్లదనమూ ఉన్నాయంటే రెండు వందల ఏళ్ళుగా అక్కడ మిలిటరీ వాళ్ళు వేరే వాళ్ళని పెద్దగా కట్టుకోనివ్వకపోవటమే కారణం.

సఫిల్‌గూడ ఆ పటాలం అంచున ఉంది. రైలు స్టేషన్ల పేర్లు వరసగా చదివితే ఆ సంగతి అర్థమవుతుంది: మల్కాజిగిరి, దయానంద్ నగర్, సఫిల్‌గూడ, రామకిష్టాపురం గేట్, అమ్ముగూడ, ఆ తర్వాత కావల్రీ బ్యారక్స్! గుర్రపు దళం పోయింది, పేరు టికెట్టు మీద మిగిలింది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా గోదావరి లోయ రైలు మార్గం వేసింది 1899, 1901 మధ్యలో. అప్పుడది మీటర్ గేజి. అంతకు ముందే లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు వచ్చింది. దానితో అక్కడ రైల్వే వాళ్ళ క్వార్టర్లు, వాళ్ళ వెంట దుకాణాలూ బస్తీలూ లేచాయి. ఈ వైపు శివారుకి మొదట వచ్చి చేరిన జనం సిపాయిలు, రైల్వే వాళ్ళు. వాళ్ళకి నౌకరీ ఎక్కడో ఇల్లూ అక్కడే. ఈ చోటు మనకు సరిపడుతుందా లేదా అని కూర్చుని ఆలోచించుకునే వీలు వాళ్ళకెక్కడిది?

గాలి మంచిదని ఊరి బయట ఉన్న ఆ పటాలాన్ని జ్వరాలు మాత్రం వదల్లేదు. రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని పట్టుకున్నది ఇక్కడే. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు. నేను ఇరవై నాలుగేళ్ళుగా కూరగాయలకి పోతూ వస్తూ రోజూ చూసే నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి ఉన్న అసలు పేరు ఆయనదే. అంటురోగాల దవాఖాన అంటే ఆ రోజుల్లో ఊరికి దూరంగా కట్టేవాళ్ళు. అంటే మా నల్లకుంట కూడా ఒకప్పుడు దూరమే, ప్రశాంతమే! పేరులో కుంట కూడా ఉంది. ఆ కుంట ఎక్కడుండేదో చూపించేవాళ్ళు నాకైతే ఒక్కరూ దొరకలేదు.

ఇంక 1908. ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో దాదాపు పదిహేను వేల మంది పోయారని లెక్క. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఎప్పుడైనా ఆసుపత్రికి వెళ్తే చూడండి, చూడదగిన చెట్టు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన చెప్పిన ప్రకారమే వరద నీళ్ళని ఊరికి పైనే ఆపటానికి గండిపేట చెరువు 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలు తీసేసి కొత్త రోడ్లూ, గాలి వెలుతురు వచ్చే ఇళ్ళ వరసలూ కట్టించారు. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, ఎటు పోతాయి అని ముందు చూసి, తర్వాత ఇళ్ళ గురించి ఆలోచించిన కాలం అది. మా అత్తమ్మ అడిగిందీ అదే కదా.

ఆ వరస తప్పింది తర్వాత. 1960ల నుంచి ఈ ఉత్తర, తూర్పు శివార్లలో ఫ్యాక్టరీలు వచ్చాయి. 1967లో ఈసీఐఎల్ వచ్చింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఏఎస్ రావు నగర్‌కి ఉంది. రిటైరైన సైనికుల కోసం సైనిక్‌పురి, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళకి వాయుపురి వచ్చాయి. మా చిన్నత్త 1980ల్లో ఈసీఐఎల్ దగ్గర కాపురం ఉంది. ఆవిడ చెప్పే కబుర్లు వింటే ఆ ప్రశాంతత అసలు రంగు తెలుస్తుంది. మామయ్య పొద్దున ఏడింటికి కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రమే రావటం. ఆయనకి అక్కడ నేస్తాలు, క్యాంటీన్ టీ. ఈవిడకి ఎర్రమట్టి, ముళ్ళ కంపలు, వారానికి రెండుసార్లు వచ్చే నీళ్ళ ట్యాంకరు. "మాట్లాడాలనిపిస్తే బావి దగ్గరికి పోయి బొక్కెన వేసేదాన్నే, నీళ్ళు అక్కర్లేకపోయినా" అనేది. ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో నిర్ణయించినవాళ్ళు పగలు ఆ ఇంట్లో ఉండరు. ఉండేవాళ్ళని ఎవరూ అడగలేదు. ఈ మాట ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు గానీ, మా బంధువుల్లో ఏ ఆడవాళ్ళని కదిలించినా ఇదే చెప్తారు.

ఉద్యోగాల కాలనీల తర్వాత ప్లాట్ల కాలనీలు వచ్చాయి. ఊళ్ళు పంచాయతీలుగా ఉన్నప్పుడే పొలాలు గజాలయ్యాయి. చెరువుల కింద పొలాలకి ఇక తూము నీళ్ళతో పని లేదు, కాబట్టి కాలువ ఎవరిదీ కాకుండా పోయింది. ఎవరిదీ కానిది అందరూ తలా కాస్త కలుపుకున్నారు. 2007లో మల్కాజిగిరి, అల్వాల్, కాప్రా లాంటి పన్నెండు మునిసిపాలిటీలని కలిపి జీహెచ్ఎంసీ చేసేనాటికి ఇదంతా అయిపోయింది. గోదావరి నీళ్ళు నగరానికి చేరింది 2015 చివర్లో. అంటే ఈ వైపు కాలనీల్లో చాలామంది ఇల్లు కట్టుకున్న ఎన్నో ఏళ్ళ దాకా బోరునీ ట్యాంకరునీ నమ్ముకునే బతికారు.

నీళ్ళు మాత్రం తమ దారి మరచిపోలేదు. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. మరుసటి ఏడు నేను నల్లకుంటకి కొత్త కోడలిగా వచ్చేసరికి ఇంకా కొన్ని ఇళ్ళ గోడల మీద నడుము ఎత్తున బురద చార ఉండేది. మావి పై వాటా గదులు కాబట్టి అత్తమ్మ వాళ్ళు బతికిపోయారు, కింది వాటా వాళ్ళ పెళ్ళి ఫోటోలతో సహా పోయాయి. 2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ దగ్గర 30 సెంటీమీటర్లు దాటింది. పాతబస్తీ వైపు పల్లె చెరువు కట్ట తెగి, దిగువనున్న వాళ్ళ ఇళ్ళు కొట్టుకుపోయాయి. అందరం టీవీలో చూశాం. చూసి, మళ్ళీ మార్చిలో ఎండలో వెళ్ళి ఇళ్ళు కొంటాం!

ఇదంతా చదివాక నేను బ్రోకరుని లింకు డాక్యుమెంట్లు అడిగాను. ఇల్లు రెండుసార్లు చేతులు మారింది, కాబట్టి మూడు దస్తావేజులు. మా ఆయన లోను కోసం పేర్లూ సంతకాలూ చూస్తున్నారు. నేను హద్దులు చదివాను. కొత్త దస్తావేజులో "తూర్పు: 20 అడుగుల రోడ్డు" అని ఉంది. దాని ముందుదాంట్లోనూ అంతే. అన్నిటికంటే పాతది, ప్లాటుగా మొదటిసారి అమ్మినప్పటిది, అందులో తూర్పు హద్దు దగ్గర "పంట కాలువ" అని ఉంది.

ఆ రెండు మాటలు చదివి నేను కాసేపు అలాగే కూర్చున్నాను. పిట్ట కూత వినిపించిన ఆ వీధి, జామ చెట్టు నీడ పడే ఆ రోడ్డు, నడిమి చెరువు నీళ్ళు కిందికి పోయే దారి. అక్కడ బళ్ళు తిరగకపోవటానికి కారణం కూడా అదే కావచ్చు: ఆ రోడ్డు ఎక్కడికీ పోదు, చివర నాలా దగ్గర ఆగిపోతుంది. ధర ఎందుకు తక్కువో కూడా అప్పుడే అర్థమైంది.

మా ఆయన ఒప్పుకోలేదు. "ముప్పై ఏళ్ళుగా ఇల్లు ఉంది, పర్మిషన్ ఉంది, బ్యాంకు లోను ఇస్తానంటోంది. ఇంకేం కావాలి?" ఆయన మాట తీసిపారేయలేం. పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువు చుట్టూ ముప్పై మీటర్లు, చిన్నదైతే తొమ్మిది మీటర్లు వదలాలని రూలు. ఈ ఇల్లు ఆ లెక్కలో పడదు. ఎఫ్‌టీఎల్ గీత చెరువు పైభాగాన శిఖం ఎక్కడిదాకా ఉందో చెప్తుంది. కట్ట కింద ఉన్నవాళ్ళ సంగతి ఆ గీత చెప్పదు. 2024 నుంచి హైడ్రా వాళ్ళు చెరువుల్లో కట్టిన ఇళ్ళు కూలగొడుతుంటే అందరం శిఖం గురించే భయపడుతున్నాం, మత్తడి దారి గురించి కాదు.

మాటా మాటా పెరిగింది. నాలుగు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే. చివరికి అత్తమ్మే తీర్పు చెప్పింది. "వానకాలం రానియ్యుండ్రి. అప్పటిదాంక టోకెను ఇయ్యకుండ్రి. మత్తడి దుంకితె నీళ్ళు ఎటు వోతయో సూసి కొనుండ్రి." బ్రోకరు వేరే పార్టీ ఉందని రెండుసార్లు బెదిరించాడు. ఉంటే ఉండనీ అని ఊరుకున్నాం.

జూలై చివర్లో ఒక రాత్రంతా వాన పడింది. పొద్దున్నే మా ఆయన ఏమీ మాట్లాడకుండా బండి తీశారు, నేనూ వెనక కూర్చున్నాను. అంత పెద్ద వానేమీ కాదు. కట్ట మీద మైసమ్మ దగ్గర ఎవరో కొబ్బరికాయ కొడుతున్నారు. కింద ఆ వీధిలో చీలమండల దాకా నీళ్ళు, నింపాదిగా, తూర్పు హద్దు వెంట పోతున్నాయి. ఆ ఇంటి గేటు ముందు ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి. మార్చిలో మేము చూసినప్పుడు అవి లేవు. పక్కింటావిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని చీపురుతో నీళ్ళు తోస్తోంది. "ప్రతి ఏడూ ఇంతేనా అక్కా?" అని అడిగితే, "ఇది ఏమున్నది, మొన్నటేడు మంచాలెక్కి కూసున్నం" అంది. మా ఆయన బండి తిప్పేశారు. తోవలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అల్లం టీ చేసిస్తే, "అమ్మకి చెప్పకు, నవ్వుతుంది" అన్నారు.

అలాగని ఆ వైపు వద్దనుకోలేదు. నేరేడ్‌మెట్ వైపు ఎత్తుకి వెళ్తే నేల మెట్టగానే ఉంది. పేరులో మెట్ట ఉంది చూడండి. అక్కడా ఇబ్బందులున్నాయి. కంటోన్మెంటు రోడ్లు మిలిటరీ వాళ్ళు ఎప్పుడు మూస్తారో తెలియదు. మూస్తే సికింద్రాబాద్ పోవటానికి చుట్టు తిరగాలి. రాత్రిపూట అత్తమ్మకి ఆయాసం ఎక్కువైతే ఎంతసేపట్లో ఆసుపత్రికి చేరతామో, రాత్రి పదకొండింటికి ఒకసారి, పొద్దున తొమ్మిదింటికి ఒకసారి మా ఆయన బండి మీద పోయి గడియారం పెట్టి చూసుకున్నారు. ఆ పని ఆయనంతట ఆయనే చేశారు, అందుకు సంతోషించాను.

కొనటం ప్రస్తుతానికి ఆపాం. రైలు పట్టాలకి రెండు వీధుల అవతల, ఎత్తు మీద, మొదటి అంతస్తులో ఒక వాటా అద్దెకి తీసుకున్నాం. ఒక ఏడాది ఉండి చూస్తాం. ప్రశాంతం అని చెప్పలేను. కింద కిరాణా కొట్టు, ఎదురుగా పిల్లల ట్యూషను, తోపుడుబండి వాళ్ళ కేకలు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే అత్తమ్మకి పొద్దుగడిచిపోతోంది. వచ్చిన వారానికే కూరగాయల అబ్బాయి ఊరేదో, పెళ్ళయిందో లేదో కనుక్కుంది. నేను వంటింట్లో ఉండగా రైలు చప్పుడు వినిపిస్తే చాలు, లోపలికి కేక వేస్తుంది: "అజంత వొయ్యింది బిడ్డా, దీపం వెట్టు."